చెవి తడిమిన చెయ్యి

పోయిన వారం విజయను వంటింటి గుమ్మంలో, చేతిలో గరిటెతో నిలబెట్టి వచ్చాం. పెరట్లో ఆమె పెనిమిటి మల్లేష్ గొంతు తగ్గించి ఫోనులో మాట్లాడుతున్నాడు. "రెండు సీట్లదే తీస్కుంట చాందీ. ఎందుకన్నది ఇంట్ల ఎవ్వరికి తెల్వద్దు" అన్నాడు. వెనక పొయ్యి మీద చారు పొంగి మంట ఆరిపోయింది. విజయ మాత్రం నిలబడ్డచోటు నుంచి కదల్లేదు.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవారికి నాలుగు ముక్కలు. మల్లేష్‌ది గొర్లకాపరుల ఇల్లు. తండ్రి బీరన్న చివ్వెంల చుట్టుపక్కల మంద తిప్పుకుని బతికినవాడు. మల్లేష్ ఏడో తరగతిలో బడికి ఎగనామం పెట్టి, గొర్రెల లారీకి క్లీనరై, తర్వాత డ్రైవరై, నలభై మూడేళ్లు వచ్చేసరికి సూర్యాపేటలో పద్నాలుగు లారీలకు యజమాని అయ్యాడు. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు పోయేదీ, అక్కడి నుంచి బియ్యం వచ్చేదీ ఆ లారీల మీదే. ఇంగ్లీషులో వచ్చే కాగితం ఏదైనా డిగ్రీ చదివిన విజయ చేతికి రావాల్సిందే. ఇంట్లో వాళ్లిద్దరూ, మల్లేష్ తల్లి ఉప్పలమ్మ, పదకొండేళ్ల కూతురు హారిక. మొత్తం నలుగురు.

ఆ మల్లేష్ "మిర్యాలగూడ మిల్లుకు పోతున్న" అని చెప్పి ప్రతి మంగళవారం కోదాడ పోతున్నాడు. ఎదురింటి రాజమ్మ కోదాడ బస్టాండు దగ్గర తన కళ్లతో చూసిందట. ఒక పడుచుపిల్ల మల్లేష్ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తోందట. ఆ సంగతి చెబుతున్నంతసేపూ రాజమ్మ ముఖం పెళ్లిభోజనం తిన్నంత తృప్తిగా ఉంది. ఆ రోజు నుంచి విజయకు కంటి మీద కునుకు లేదు. నలుగురున్న ఇంటికి రెండు సీట్ల బండి ఎందుకు? ఒక సీటు మల్లేష్‌ది. రెండోది ఎవరిది?

ఆ ఒక్క ప్రశ్న కొంగున ముడేసుకుని శనివారం పొద్దున పది గంటలకు, హారికను బడికి పంపి, మల్లేష్, ఉప్పలమ్మలతో కలిసి విజయ జానయ్య షెడ్డుకు బయల్దేరింది.

జానయ్య పాత బండ్ల బేరగాడు. సూర్యాపేట దాటాక రోడ్డు పక్కన లారీలకు రంగులు వేసే చోట రేకుల షెడ్డు వేసుకుని ఉంటాడు. మామూలుగా అతని దగ్గర ట్రాక్టర్లు, జీపులు, మహా అయితే పెళ్లికొడుకులు ఊరేగే తెల్ల కార్లు దొరుకుతాయి. ఈసారి మాత్రం మల్లేష్ మాట మీద హైదరాబాద్ నుంచి ట్రైలర్ మీద రెండు దొరబండ్లు దింపించాడు. ఎవరో గొప్పింటాయన నాలుగేళ్లు వాడి మోజు తీరి అమ్మేసినవి. ఆ కంపెనీ పేరు పలకడానికి జానయ్యకు నోరు తిరగదు. అందుకని ఒకదాన్ని పెద్దది అనీ, ఇంకోదాన్ని చిన్నది అనీ పేర్లు పెట్టుకున్నాడు.

పెద్దది ముదురు నీలం. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు. ముందు సీటు వంచితే వెనక ఇంకో ఇద్దరికి చోటుంది. చిన్నది పసుపుపచ్చ. నేలకు అంటుకుపోయినట్టుంది, సీట్లు రెండే. దాని వెనక సద్దిమూట పెట్టడానికి కూడా జాగా లేదు. ఇలాంటి పసుపుపచ్చ కారు బొమ్మ ఒకటి హారిక నిరుడు పేపర్లోంచి కత్తిరించి మంచం పక్క గోడకు అంటించింది. "నాయినా, గిది గావాలె" అంటే ఇల్లంతా నవ్వారు. మల్లేష్ ఒక్కడే నవ్వలేదని విజయకు ఇప్పుడు గుర్తొస్తోంది.

ఉప్పలమ్మ చీర కొంగులో నాలుగు నిమ్మకాయలు కట్టుకుని వచ్చింది. కొన్నా కొనకపోయినా చక్రం తిరిగిందంటే నిమ్మకాయ నలగాల్సిందేనని ఆవిడ పట్టుదల. పెద్దదాన్ని గ్రాండ్ టూరర్ అంటారని జానయ్య చెప్పగానే ఆవిడకు అనుమానం వచ్చింది. టూర్లా? తన కొడుక్కు ఇంత ఉండీ మళ్లీ కిరాయి బండి తిప్పే ఖర్మ ఏం పట్టింది? మనిషికింత అని తీసుకుని జనాన్ని సాగర్ డ్యాముకు తిప్పుతాడా? జానయ్య రెండు చేతులూ జోడించాడు.

"టూర్లకు గాదు పెద్దమ్మా. గిట్ల అర్థం చేస్కో. పెద్దది దూరానికి, చిన్నది జోరుకు. పెద్దదాంట్ల కూసుంటె కాశీ దాక పోయినా నడుం నొయ్యదు. చిన్నదాంట్ల కూసుంటె చివ్వెంల పోయేలోపల నీ పానం నీకు తెలుస్తది."

అయితే పెద్దదే మేలని ఉప్పలమ్మ తీర్పు చెప్పేసింది. చెప్పడమే కాదు, ముందు సీటు వంచి వెనక్కి దూరింది. తల ముందు పోయింది, చీర కుచ్చెళ్లు బయట ఉండిపోయాయి, జానయ్య వెనక నుంచి తోయాలో వద్దో తెలియక నిలబడ్డాడు. చివరికి ఎలాగో సర్దుకుని కూర్చుని, తోలు సీటును అరచేత్తో నిమిరి, తన పక్కన హారిక కూడా సుఖంగా పడుతుందని కేకేసి చెప్పింది. షెడ్డు ముందు టీ తాగుతున్న లారీ డ్రైవర్లు నలుగురూ నవ్వారు. నలుగురూ మల్లేష్ దగ్గర స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నవాళ్లే.

విజయకు నవ్వు రాలేదు. ఆమె కళ్లు మల్లేష్ చేతిలో ఉన్న పచ్చ ప్లాస్టిక్ కవరు మీద ఉన్నాయి. మంగళవారం కోదాడ నుంచి వచ్చినప్పుడు చంకలో పెట్టుకొచ్చిన కవరు అదే. బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఈ రోజు దాన్ని తెచ్చి, చిన్నబండి సీటు పక్కన దోపాడు. చీరే అయి ఉంటుంది. ఆ పిల్లకు పెట్టే చీర, ఆ పిల్ల కూర్చునే సీటు పక్కనే పెట్టాడని విజయ పళ్లు నూరింది.

అప్పుడు మల్లేష్ చిన్నబండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. చెయ్యి బండి మీద నుంచి తియ్యకుండా, నెమ్మదిగా తడుముతూ తిరుగుతున్నాడు. డ్రైవర్లలో ఒకడు, గొర్లకాపరి బుద్ధి ఎక్కడికి పోతుంది, కారును కూడా సంతలో జీవాన్ని చూసినట్టే చూస్తున్నాడు మన అన్న, అన్నాడు. మళ్లీ నవ్వులు.

విజయ కూడా అటు చూసింది. చూసి, అలాగే ఉండిపోయింది.

గొర్రెను కొనేవాడు ముందు వీపు పడతాడు. నడుము మీద నాలుగు వేళ్లు వేసి నొక్కితే జీవం ఎంత తూగుతుందో తెలిసిపోతుంది. ఏ సంతలోనైనా ఎవరైనా చేసేది అదే. మల్లేష్ వీపు పట్టలేదు. చెవి పట్టాడు.

కారుకు చెవేమిటంటారా? తలకు పక్కగా బయటికి పొడుచుకొచ్చిన అద్దం ఉంటుంది చూడండి, అది. మల్లేష్ బొటనవేలు అద్దం కింద, నాలుగు వేళ్లు పైన ఆనించి, కొస దాకా జరిపాడు. కొస దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అక్కడి నుంచి చెయ్యి మెడ మీదికి, మెడ మీది నుంచి వీపు మీదికి పోయింది.

ఆ చెయ్యి విజయకు తెలుసు. అది మల్లేష్ చెయ్యి కాదు. చచ్చిపోయి ఐదేళ్లయిన ఆమె మామ బీరన్నది.

బీరన్నకు చివరి పదేళ్లు చూపు లేదు. మొదట రేచీకటి పట్టింది. తర్వాత పక్కలు పోయాయి, సన్నగొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రం కనిపించేది. చివరికి అదీ పోయింది. అయినా రోజూ మునిమాపు వేళ దొడ్డి వాకిట్లో గొంగడి పరుచుకుని కూర్చునేవాడు. మంద లోపలికి పోతుంటే ఒక్కొక్క గొర్రె చెవి తడిమేవాడు. ఎడమ చెవికి రెండు గాట్లు ఉంటే తమది, లేకపోతే పక్క మంద నుంచి కలిసింది. కొత్తకోడలుగా వచ్చిన రోజుల్లో విజయ ఆ వాకిట్లోకే చాయ పట్టుకెళ్లి ఇచ్చేది. కళ్లున్నవాడు చెవి జోలికి ఎందుకు పోతాడు బిడ్డా అని ఆయనే ఒకసారి చెప్పాడు. "చెవి చెప్తది ఎవలదో. వీపు చెప్తది ఎంతదో. కనవడనోనికి ముందుగాల ఎవలదో తెల్వాలె."

కాదు, కాదు, ఏదో ఆలోచనలో పట్టుకుని ఉంటాడు, చిన్నప్పుడు తండ్రిని చూసి అలవాటైన చెయ్యి అయి ఉంటుంది అని విజయ తనకు తాను చెప్పుకుంది. సరిగ్గా అప్పుడే జానయ్య ఎడమపక్క నుంచి వచ్చి తాళంచెవి చాచాడు. తాళంచెవి మల్లేష్ మోచేతికి జానెడు దూరంలో వేలాడుతోంది. మల్లేష్ ఎదురుగా చూస్తూ నిలబడ్డాడు. "అన్నా, తాళం" అన్నాక తల మొత్తం తిప్పి, కాస్త పైకీ కిందికీ చూసి, అప్పుడు అందుకున్నాడు.

ఇక గుర్తుకు రావడం మొదలైతే ఒకటి వెంట ఒకటి తోసుకొచ్చాయి. ఆరు నెలల కింద నడుం నొప్పి అని సొంత కారుకు డ్రైవర్‌ని పెట్టుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు ఎక్కడున్నా ఇల్లు చేరుతున్నాడు. అన్నం పళ్లెం పక్కన పెట్టిన చెంబు రోజూ తన్ని పారబోస్తున్నాడు, ఆమె రోజూ తిడుతోంది. దసరాకు గుమ్మం తగిలి నుదురు చిట్లింది. తాగావా అని అడిగితే అవునన్నాడు. తాగని మనిషి తాగానని ఒప్పుకుంటే నమ్మింది తను.

కోదాడలో పడుచుపిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిందట. దాటించకపోతే దాటలేడు గనక దాటించింది. రాజమ్మ చూసింది నిజమే, నెల రోజులు దాని మీద తను అల్లుకున్నదంతా తప్పు.

అప్పుడే అరిచి చెప్పాల్సింది. మా ఆయనకు కళ్లు కనబడవు, ఆ తాళం లాక్కోండి అనాల్సింది. ఆమె నోరు తెరిచింది కూడా. కానీ టీ గ్లాసులతో ఆ నలుగురు డ్రైవర్లు నిలబడి ఉన్నారు. సందు గొందుల్లో పదహారు టన్నుల లారీని వెనక్కి తీయాలంటే మల్లన్న చెయ్యే పడాలని చెప్పుకునేవాళ్లు. వాళ్ల ముందు ఆ మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు. ఉప్పలమ్మ అప్పటికే పెద్దబండి దిగి వచ్చి చిన్నబండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేసి, ఇంటి ఇల్లాలు ముందు ఎక్కాలని కోడలి భుజం పట్టి నెట్టింది. విజయ ఎక్కి కూర్చుంది. తను పక్కనుంటే తన కళ్లతోనైనా చూడొచ్చని ఎక్కింది. ఇప్పుడు చెబితే ఎంత తెలివితక్కువగా ఉందో, అప్పుడు అంత న్యాయంగానే తోచింది.

చివ్వెంల వైపు పాత రోడ్డు ఆ వేళప్పుడు ఖాళీగా ఉంటుంది. మల్లేష్ గేరు వేశాడు. నిమ్మకాయలు నలిగాయి, ఉప్పలమ్మ దండం పెట్టింది, బండి బుల్లెట్టులా పోలేదు. నున్నగా, ఒద్దికగా పోయింది. రోడ్డు తిన్నగా ఉన్నంతసేపూ మల్లేష్ తిన్నగానే తోలాడు. ఎదురుగా వచ్చిన ఆర్టీసీ బస్సుకు సరైన వేళకు పక్కకు తీశాడు. విజయ ప్రాణం కాస్త కుదుటపడింది. తన భ్రమే అయి ఉంటుందని, రాత్రికి లింగమంతుల స్వామికి కొబ్బరికాయ కొడతానని అనుకుంది.

ఎడమవైపు పొలంగట్టు మీద నుంచి మంద దిగుతోంది. వందకు పైనే ఉంటాయి. ముందు పొట్టేలు రోడ్డు అంచు మీద అడుగు పెట్టింది. విజయ చూసింది. మల్లేష్ చూస్తాడని ఎదురుచూసింది. గొర్రెల మధ్య పుట్టినవాడు, మెడగంట వింటే మంద ఎవరిదో చెప్పగలిగినవాడు చూడడా? అద్దాలు పైకెత్తి ఉండటంతో గంట వినబడలేదు. మల్లేష్ కాలు యాక్సిలరేటరు మీదే ఉంది. పొట్టేలు రోడ్డు నడుమకు వచ్చేసింది.

"ఆపు!"

ఆ కేకకే కాలు బ్రేకు మీద పడింది. చక్రాలు కీచుమన్నాయి, బండి అడ్డంగా తిరగబోయి ఆగింది. దుమ్ము అణిగేసరికి పొట్టేలు ముక్కు బండి ముక్కుకు ఆనుకుని ఉంది. దానికి ఏమీ కాలేదు. బండి చుట్టూ గొర్రెలే గొర్రెలు. మల్లేష్ రెండు చేతులూ స్టీరింగ్ మీద అలాగే పెట్టుకుని, తల ఎడమకు తిప్పి, అంత మందనూ అప్పుడే మొదటిసారి చూశాడు.

కాపరి నాగయ్య కర్ర ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. అరవై ఏళ్లు దాటిన మనిషి, గొంతు మాత్రం ఊరికి వినబడుతుంది. రోడ్డు మీద ఎవరైనా ఎవరినైనా తిట్టే తిట్టే తిట్టాడు.

"కండ్లు కనవడ్తలేవారా నీకు? గింత మంద కనవడ్తలేదా?"

మల్లేష్ అద్దం దించాడు. తల తిప్పి, వెతికి, నాగయ్య ముఖం దొరికాక ఆగాడు.

"కనవడ్తలేదు మామా" అన్నాడు.

నాగయ్య ఎగతాళి అనుకున్నాడు. ఇంకో తిట్టు ఎత్తబోయి, వంగి లోపలికి చూశాడు. ఆ కళ్ల వైపు చూశాడు, ఆ తల తిప్పిన తీరు చూశాడు. కర్ర దించేశాడు.

"నువ్వు బీరన్న కొడుకువా?" అని అడిగాడు. మల్లేష్ అవునన్నాడు. నాగయ్య నోటితో చిన్నగా చప్పుడు చేసి మందను బండి చుట్టూ మళ్లించుకుని అవతలి చేలోకి దింపేశాడు. పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి చూశాడు.

దారిన పోయే కాపరికి ఒక్క చూపులో తెలిసింది, పద్నాలుగేళ్లు కాపురం చేసిన తనకు తెలియలేదు. విజయకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. బండిని రోడ్డు పక్కకు తీయించి, తాళంచెవి తనే లాగేసింది.

"ఎన్నాళ్లనుంచి?"

రెండేళ్ల నుంచి అని మల్లేష్ చెప్పాడు. తండ్రికి వచ్చిందే. మొదట చీకట్లో తడబడ్డాడు, ఇప్పుడు పగలు కూడా పక్కలు లేవు. ఎదురుగా గుండ్రంగా ఇంత మేర కనిపిస్తుందని చూపుడువేలూ బొటనవేలూ కలిపి చూపించాడు. కోదాడలో ఒక కళ్ల డాక్టరు దగ్గరికి పోతున్నాడు. సూర్యాపేటలో అయితే గంటలో అందరికీ తెలిసిపోతుందని అంత దూరం. చాందీ ఆ డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల. తండా నుంచి వచ్చి చదువుకున్నది. కళ్లలో మందు వేశాక గంటసేపు ఏమీ కనిపించదు గనక బస్టాండు దాకా చెయ్యి పట్టుకుని దిగబెడుతుంది. అంతే కథ.

"మందు లేదన్నరు. బండి తోలొద్దన్నరు. నాకే అనిపించింది, పగటీలి, సీదా రోడ్డు, ఒక్కసారి తోలితె ఏమైతది అని. గొర్లు చెప్పినయ్ ఇయ్యాల ఏమైతదో."

నెల రోజులు ఏ ఆడదాన్ని తలుచుకుని విజయ కుమిలిపోయిందో ఆ ఆడది లేదు. సంతోషించాల్సిందే. కానీ ఆ క్షణాన, వేరే ఆడది ఉండి, ఈ మనిషికి కళ్లుంటే బాగుండునని ఆమెకు అనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడలేదు కూడా.

అయితే ఒక ముడి ఇంకా విడలేదు. చూపు పోతున్న మనిషికి రెండు సీట్ల బండి ఎందుకు? అదే అడిగింది. మల్లేష్ సీటు పక్కన దోపిన పచ్చ కవరు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

చీర కాదు. లోపల ఒక ఫైలు ఉంది. మొదటి కాగితం మీద బి. మల్లేష్, వయసు నలభై మూడు అని ఉంది. ఇంగ్లీషులో ఉన్నదంతా విజయ చదివింది. అతను చెప్పిందే, ఇంకొంచెం కఠినమైన మాటల్లో. దాని వెనక ఇంకో కవరు ఉంది. తెల్లది, హైదరాబాద్ నుంచి వచ్చింది, అంటించిన నోరు అంటించినట్టే ఉంది. మల్లేష్‌దే మరో పరీక్ష అనుకుని తిప్పి చూసింది.

పైన బి. హారిక, వయసు పదకొండు అని ఉంది.

విజయ ఆ పేరు రెండుసార్లు చదివింది. చదవడం వచ్చి ఉండకపోతే బాగుండేదనుకుంది. రెండు నెలల కింద బూట్లు కొనిస్తానని హారికను కోదాడ తీసుకుపోయి, బూట్లు లేకుండా ఐస్‌క్రీముతో తెచ్చాడు. మోచేతి మడతలో దూది అంటించి ఉంటే దోమ కుట్టిందని తండ్రీ కూతుళ్లు ఒకే మాట చెప్పారు. సాయంత్రం ఆటలో ఎప్పుడూ హారికే పడుతుంది. మెట్ల మీద ఎప్పుడూ హారికే తడబడుతుంది. పరాకు పిల్ల, నేల చూసి నడవదు అని తల్లి అయి ఉండి తనే నలుగురిలో తిట్టింది.

"నువ్వు సదివినవా?" అంది.

లేదన్నాడు. మంగళవారం డాక్టరు ఊళ్లో లేడు, చాందీ చేతికిచ్చింది. లోపల ఏమున్నదో నాకు చెప్పొద్దని ఆ పిల్లకు తనే దండం పెట్టాడు. నాలుగు రోజులు బీరువాలో పెట్టాడు. ఇంగ్లీషు ఎలాగూ రాదు. వచ్చినా విప్పేవాడు కాదు.

"జానయ్య ఏమన్నడు? పెద్దది దూరానికి, చిన్నది జోరుకు. నా బిడ్డ కండ్లు మంచిగున్నయనుకో, పెద్దది తీస్కుందాం. తొందరేమున్నది? నలుగురం కూసొని ఏడాదికో ఊరు తిరుగుదాం. రేపు అదే తోల్తది, నేను ఎన్క కూసుంట. లేవనుకో..." అని ఆగాడు. "లేవనుకో, దానికి టైం లేదు. గోడ మీద బొమ్మ పెట్టుకొని అడిగింది గద, అదే తెచ్చి, సూడాల్సినయన్నీ జల్ది సూపియ్యాలె. ఒక సీటు నాదనుకున్న. ఇప్పుడు నాది గాదు. నువ్వు నేర్చుకో. నువ్వు తోలు, అది పక్కన కూసుంటది."

ఫోనులో రెండు సీట్లదే తీసుకుంటానన్న మాట విజయ చెవుల్లో మళ్లీ మోగింది. ఆ మాట అన్నాడంటే, కవరు విప్పకుండానే ఈ మనిషి లోపలిది చెడ్డదని నిర్ణయం చేసేసుకున్నాడు. రెండో సీటు ఎవరిదో ఆమెకు తెలిసింది. తెలుసుకోవాలని నెల రోజులు దేవుళ్లందరికీ మొక్కిన సంగతి ఇదే.

షెడ్డు నుంచి జానయ్య ఫోను చేస్తున్నాడు. ఏ బండికి పూలదండ వేయించమంటావని అడగడానికే అయి ఉంటుంది. ఉప్పలమ్మ మళ్లీ ఆ పెద్దబండి వెనక సీట్లోకి దూరి మనవరాలికి చోటు పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

విజయ కవరు నోరు చింపింది. లోపల ఒకటే కాగితం, రెండు మడతలు. మడతలు విప్పి ఒళ్లో పరుచుకుంది. మొదటి వరుస చదివింది. రెండో వరుస చదివింది. మూడో వరుస దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి.

మల్లేష్ కాగితం వైపు చూడలేదు. తల మెల్లగా తిప్పుకుంటూ, ఆమె ముఖం ఎక్కడుందో వెతుక్కుని, దొరికాక ఆమె చెంప మీద చెయ్యి వేశాడు. తడిగా ఉందో పొడిగా ఉందో బొటనవేలితో తడిమాడు.

"ఏ బండి, విజయా?" అన్నాడు.